దాల్‌ ఒడ్డున... తామరతూడు పకోడీ!

చుట్టూ కొండలు, మధ్యలో దాల్‌ సరస్సు, నీటిమీద షికారాలు... శ్రీనగర్‌ వెళ్లినవాళ్లు ఫొటోలకేమీ లోటు చేయరు. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం చాలామంది హోటల్లో రోటీ, పన్నీరు కూరతో సరిపెట్టేసుకుంటారు. అంతదూరం వెళ్లి అదేం పని!

మాంసాహారులు ముందు అడగాల్సింది వాజ్వాన్‌. నిజానికిది పెళ్లి విందు. 'వాజా'లనే వంటవాళ్లు కట్టెల మంటమీద రాత్రంతా వండుతారు. పెద్ద విందుల్లో వంటకాలు ముప్ఫై దాటతాయి. 'త్రామి' అనే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని నలుగురూ అందులోనే తింటారు. మటన్‌ని రాతిమీద చెక్క సుత్తితో మెత్తగా దంచి చేసే ఉండలదే ఇందులో పెద్దపీట. ఎర్రటి పులుసులో వేస్తే రిస్తా, పెరుగు పులుసులో ఉడికిస్తే గుష్తాబా. గుష్తాబా వడ్డించారంటే విందు చివరికొచ్చినట్టే.

పెళ్లి పిలుపు లేదనే దిగులక్కర్లేదు. రెసిడెన్సీ రోడ్డులోని అహ్‌దూస్‌, మొఘల్‌ దర్బార్‌లలో ఇవి విడివిడిగా దొరుకుతాయి. అహ్‌దూస్‌ 1918లో బేకరీగా మొదలైంది. పులుసు ఎరుపు చూసి పిల్లల్ని దూరం జరపొద్దు. కశ్మీరీ మిరపకు రంగెక్కువ, ఘాటు తక్కువ. గుంటూరు కారం తిన్న నాలుకకైతే చప్పగానే ఉంటుంది. అక్కడి రుచంతా సోంపు, శొంఠిలో ఉంది. అన్నట్టు, ఉల్లి, వెల్లుల్లి వేయలేదంటే శాకాహారమని పొరబడొద్దు. పండిట్ల సంప్రదాయ రోగన్‌జోష్‌లో ఆ రెండూ ఉండవు, మాంసం ఉంటుంది!

మరి శాకాహారులో? దుర్గానాగ్‌ ఆలయం పరిసరాల్లో రాజ్మా-అన్నం పెట్టే భోజనశాలలున్నాయి. కానీ వాళ్లు వెతుక్కుని మరీ తినాల్సింది నద్రూ... అంటే తామరతూడు. పెరుగులో వండితే నద్రూ యఖ్నీ. బియ్యప్పిండిలో ముంచి వేయిస్తే నద్రూ మొంజె. మన పకోడీకి చుట్టమే. హజ్రత్‌బల్‌ దగ్గర బండ్లమీద వేడివేడిగా అమ్ముతారు. పక్కనే పళ్లెమంత పరోటా, హల్వా. ఒక్కటి కొంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

ఈ తూడు పళ్లెంలోకి ఊరికే రాదు. చలికాలంలో గడ్డకట్టించే నీటిమీద పడవలో నిలబడి, పొడవాటి గడకు కొక్కెం కట్టి బురదలోంచి లాగుతారు. 2014 సెప్టెంబరు వరదల తర్వాత దాల్‌లో తామర బాగా దెబ్బతింది. నద్రూ ధర పెరిగింది, దాన్నే నమ్ముకున్న కుటుంబాలకు పని తగ్గింది. ఉత్తరాన వులర్‌ సరస్సులోనైతే 1992 వరదల పూడిక కింద తామరే కనుమరుగైంది. పూడిక తీశాక, మూడు దశాబ్దాలు దాటి, 2025లో మళ్లీ పూలు విరిశాయి. అదే ఏడాది ఏప్రిల్‌ 22న పహల్గామ్‌ దాడిలో 26 మంది చనిపోయారు. ఆ తర్వాత పర్యాటకులు ఒక్కసారిగా తగ్గిపోయి లోయలో బల్లలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఏయే చోట్లు తెరిచారో ముందే కనుక్కోవాలి.

పొద్దున్నే వీధి చివరి 'కాందుర్‌' పొయ్యి దగ్గర గిర్దా రొట్టె, తోడుగా గులాబి రంగు నూన్‌ చాయ్‌. పేరుకు చాయే, పంచదార బదులు ఉప్పు. ఇంట్లో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తే కుంకుమపువ్వు, బాదం పలుకులు వేసిన కాహ్వా ఇప్పించండి. చలికాలమైతే రాత్రంతా ఉడికిన హరీసా ఉంటుంది. కాస్త ఆలస్యమైనా గిన్నెలు ఖాళీ.

నద్రూ కట్టలు, ఆకుకూరలు పడవల్లోనే చేతులు మారే తేలే సంత తెల్లవారకముందే మొదలవుతుంది. షికారా బేరం ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోవాలి.