గెలిచినవాడి గోడు

ఓడిపోయినవాణ్ణి ఓదార్చడానికి లోకంలో బోలెడన్ని మాటలున్నాయి. "ఆటన్నాక గెలుపోటములు మామూలే" అని ఒకరంటారు. "వచ్చేసారి చూసుకుందాంలే" అని మరొకరంటారు. గెలిచినవాడు ఆ తర్వాత ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆమధ్య ఒక ఆదివారం నాడు నందిగామలో మా బావగారి మీద చదరంగం గెలిచాకగాని నాకీ సంగతి తెలిసిరాలేదు.

అదేమంత గొప్ప అంటారేమో! 11 ఏళ్ళుగా జగ్గయ్యపేటలో బస్సెక్కి, చిల్లకల్లు మీదుగా నందిగామ వెళ్ళి, ఓడి, భోంచేసి తిరిగి రావడం నాకు ఆదివారపు నియమం. మా గడ్డ చదరంగానికి పేరుపడ్డదే. 2022లో జిల్లా విడగొట్టి మా రెండూళ్ళనీ ఎన్టీఆర్ జిల్లాలో కలిపారుగాని, అంతకుముందు మేమూ, గుడివాడలో పుట్టిన కోనేరు హంపీ ఒకే కృష్ణా జిల్లావాళ్ళం. ఆ అమ్మాయి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టరైంది. 2019లో ఒకసారి, 2024లో మరోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీ గెలిచింది. నేను యాభై దాటాక ఒక్క బావగారి మీద గెలిచాను. ఎవరి స్థాయి వారిది!

మా పేటకీ ఈ ఆటకీ ఇంకా పాత చుట్టరికం ఉందని నా వాదన. 1882లో బర్జెస్ దొర పరిశీలించిన ధనబోడు బౌద్ధస్తూపం తాలూకు రాతి పలక ఒకదాని మీద చక్రవర్తి నిలబడి ఉంటాడు. చుట్టూ ఏనుగు, గుర్రం, మంత్రి, రాణి. చదరంగం పుట్టింది ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకనుకోండి. అయినా, "చూశారా బావగారూ, రెండువేల ఏళ్ళ కిందటే మావాళ్ళు పావులు సర్దుకున్నారు" అంటే, ఆయన కళ్ళజోడు సవరించుకుని, "సర్దారు సరే, ఎత్తు వెయ్యమను" అనేవారు.

బావగారిది పాతకాలపు చెయ్యి. వాళ్ళ తాతగారి దగ్గర నాటు పద్ధతిలో నేర్చుకున్నారు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు ఒక్కసారికి గుర్రంలా దూకవచ్చు. తర్వాత కొత్త పద్ధతికి మారినా ఆ నిదానం పోలేదు. కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించేవారు. మా అక్కయ్య మళ్ళీ వేడి కాఫీ తెచ్చి, "పాపం, ఒక్కసారి వాణ్ణి గెలవనివ్వకూడదూ?" అనేది. "అడిగి పుచ్చుకుంటే అది గెలుపేనా?" అనేవారాయన.

అక్కయ్య పోయి ఏడాదిన్నరయింది. అప్పట్నుంచీ బావగారు గడప దాటడం మానేశారు. మా ఇంటికి రమ్మంటే "చూద్దాంలే" అనేవారు. ఆవిడ గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. పావులు మాత్రం కదుపుతూ వచ్చాం.

ఆ ఆదివారం ఏనుగులు మార్చుకున్నాక చివరికి మిగిలింది ఇద్దరు రాజులూ, నా బంటు ఒకటీ. నా రాజు బంటుకి ముందు నడిచి ఆరో వరుస చేరాడు. అంచు గడుల బంటు కాకపోతే, ఇక అవతలివాడు ఏమాడినా గెలుపు ఆగదు. ఈ కిటుకు నాకు నేర్పింది ఆయనే. చదరంగంలో ఒక చిక్కుంది: మన వంతు వచ్చాక ఊరికే కూర్చోవడం కుదరదు. కదలాల్సిందే, కదిలితే దారి విడవాల్సిందే. బావగారు రెండు నిమిషాలు చూసి, తన రాజుని పడుకోబెట్టారు.

చెప్పొద్దూ, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అక్కయ్యతో చెబుదామని వంటింటి వైపు తల తిప్పేశాను కూడా. కాఫీ గ్లాసుతో ఎవరూ రాలేదు. 11 ఏళ్ళ ఆకలి తీరేనాటికి, రుచి చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోయింది. ఆ వెనకే ఒక అనుమానం: ఈయన కావాలనే ఏనుగు మార్చుకున్నారేమో! ఉండబట్టలేక అడిగేశాను.

"ఇచ్చే అలవాటే ఉంటే మీ అక్కయ్య అడిగినప్పుడే ఇచ్చేవాణ్ణి కాదట్రా?" అన్నారు. ఏడాదిన్నరలో ఆయన నోట ఆవిడ మాట రావడం అదే మొదటిసారి.

ఆలోచిస్తే, గెలుపులో సగం వాటా అవతలివాడిదే. వాడు మనసుపెట్టి ఆడబట్టే దానికి విలువ. దయతలచి ఓడిపోతే మనకి దక్కేది దానం. ఇన్నేళ్ళూ నన్ను ఓడిస్తూ ఆయన నాకు చేసిన మర్యాద అదేనన్నమాట. ఇక ఓటమికి మరో సుగుణం ఉంది. అది మనిషిని ఒకచోట కూర్చోనివ్వదు. గెలిచినవాడు కాలుమీద కాలేసుకుంటాడు, ఓడినవాడికి పనుంటుంది.

గురువారం పొద్దున్నే ఫోను మోగింది. "ఆదివారం నువ్వు రావద్దు. మొదటి బస్సుకి నేనే పేట వస్తున్నా. బల్ల తుడిచి ఉంచు" అన్నారు బావగారు. మా ఆవిడ సంబరపడిపోయి గోంగూరకి పురమాయించింది. నా గెలుపుకి ఇక మూడు రోజులే ఆయుష్షని లెక్క తేలినా, నేను మాత్రం హాయిగానే ఉన్నాను.