మా రూంలో బాటిల్‌జోన్



హాస్టల్ పిల్లలకు గేములెందుకని కొందరు అంటరు. నిజమే. అయినా ఒక పాత గేము గురించి చెప్పాలనిపించి రాస్తున్నం.

మేం నలుగురం నాంపల్లి దగ్గర ఒక హాస్టల్‌లో ఒకే రూంలో ఉంటం. నలుగురి ఇండ్లల్లోనూ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసుకుంటే షట్టర్ల ముందర పాత పుస్తకాలు పరుస్తరు కదా, గ్రూప్స్ పుస్తకాల కోసం పోయినం. ఒక అట్టపెట్టెలో సీడీలు కనబడ్డయి. 20 రూపాయలు పెట్టి 'బాటిల్‌జోన్' తెచ్చినం. యాక్టివిజన్ కంపెనీ 1998లో తీసిన గేము. సీనియర్ అన్న వదిలిపోయిన పాత సిస్టమ్‌లో నడిచింది.

అదే పేరుతో 1980లో అటారీ వాళ్ల గేము ఒకటి ఉండె. నల్ల తెర మీద ఆకుపచ్చ గీతల ట్యాంకులు, కాల్చుడే పని. ఇది అట్ల కాదు. 1960లలో అమెరికా, సోవియట్‌లు చంద్రుని మీదికి పోటీపడింది పైకి చెప్పుకోవడానికేనట, అసలు కొట్లాట అక్కడి బయో-మెటల్ అనే లోహం కోసమట. ఆ లోహం ఎన్నడో బతికిన వేరే జాతోళ్లది. మాలో మణుగూరు దిక్కు నుంచి వచ్చినోడు ఇది విని నవ్విండు. "ఆళ్లు ఎటు పోయిన్రని ఎవ్వడూ అడగడా?" అన్నడు. వాని ఊరి పక్కనే ఓపెన్‌కాస్ట్ ఉంది.

ఆటలో మనం ట్యాంకు లోపల కూర్చుంటం. నేలకు ఆనకుండ తేలుకుంట పోతది. మనమే నడపాలె, మనమే కాల్చాలె. అదే టైములో అంకెల కీలు కొట్టి మిగతా బండ్లకు పని చెప్పాలె. స్కావెంజర్ అనేది పడిపోయిన తుక్కు ఏరుకొస్తది. రీసైక్లర్ ఆ తుక్కుతో కొత్త బండ్లు చేస్తది. రీసైక్లర్ పోయిందా, ఆట దాదాపు అయిపోయినట్టే. మన ట్యాంకు పేలితే మాత్రం బయటికి ఎగిరిపడి కాలినడకన ఉంటం. చేతిలో ఒక స్నైపర్ గన్ను. శత్రువు డ్రైవరును కొట్టి వాని బండే ఎక్కొచ్చు. మాకు అదే మస్తు నచ్చింది.

మొన్న రాత్రి మణుగూరోడు ఆడుతుంటే ఇంటి నుంచి ఫోన్. పోడు భూమి పాత దరఖాస్తు మీద మళ్లీ విచారణకు వచ్చిన్రట, పొద్దున పంచనామా మీద వేలిముద్ర పెట్టమన్నరట.

"నాయినా, ఆ కాగితం ఫోటో తీసి పంపు."

"ఫోటో ఎందుకురా, సార్లు అడిగిన్రు."

"పంపు నాయినా, ముందు పంపు."

పక్కింటి పిల్లతో తీయించి పంపిండు. విస్తీర్ణం రాసే చోట ఖాళీ. వాడు కీబోర్డు వదిలేసిండు, మేం ట్యాంకు చూసుకున్నం. అటవీ హక్కుల చట్టం 2006ది, మనోళ్లు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉండాలె, నాలుగు హెక్టార్ల దాకా అడగొచ్చు. ఇవన్నీ వాడు ఇంటి భాషలో మెల్లగ చెప్పుకుంట పోయిండు. "ఎకరాలు అంకెల్లో, అక్షరాల్లో రాయించినంకనే వేలు పెట్టు. ఎవరు తొందర పెట్టినా సరే" అన్నడు. నలభై నిమిషాలు. పొద్దున వానికి ఇంటర్నల్ పరీక్ష ఉండె.

ఈ లోపల మా చేతిలో రీసైక్లర్ పేలిపోయింది. వాడు తిట్టలే. "ఊర్ల ఉంటే పోయి పక్కన నిలబడేటోణ్ని" అని మాత్రం అన్నడు. నాంపల్లి స్టేషన్ దిక్కు నుంచి రైలు కూత వినబడ్డది. ఎవ్వరం మాట్లాడలే.

మధ్యాహ్నం నాయిన ఫోన్ చేసిండు. మూడు ఎకరాల పది గుంటలు అని రాయించిండట. సార్లు గొణిగిన్రట గానీ రాసిన్రు. పట్టా ఎప్పుడొస్తదో తెల్వదు.

ఆ మిషన్ ఇంకా దాటలే. తుక్కు ముందు ఏరించాల్నా, రీసైక్లర్ చుట్టూ కాపలా ముందు పెట్టాల్నా, ఆడినోళ్లు ఉంటే కింద రాయండి. పంచనామా కాగితాలు వచ్చినోళ్లు కూడా రాయండి, ఫోటో పెడితే కలిసి చూద్దం.