రెస్పాన్ లేని ఊళ్లో తుపాను రాత్రి

డేజీలో ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టడం మానేశాను. ఆకలికి చచ్చాను, చలికి చచ్చాను, చెరువు నీళ్లు కాచకుండా తాగి కలరాతో చచ్చాను. అన్నిటికంటే ఎక్కువసార్లు మాత్రం తొందరపడి చచ్చాను.

ఈ గేమ్ తెలియనివాళ్లకు ఒక్క ముక్క. మీరు ఫోన్లో ఆడే పబ్‌జీకి, బీజీఎంఐకి ఇది పెద్దన్న లాంటిది. పబ్‌జీ తయారుచేసిన బ్రెండన్ గ్రీన్ మొదలుపెట్టింది డేజీ మోడ్‌తోనే. ఆ డేజీని 2012లో 'ఆర్మా 2' అనే గేమ్‌కి మోడ్‌గా చేసినవాడు డీన్ హాల్. న్యూజిలాండ్ సైన్యంలో ఉండగా బ్రూనై అడవుల్లో శిక్షణకు వెళ్లి, తిండి లేక నానాపాట్లు పడ్డాడట. ఆ పాట్లనే గేమ్ చేశాడు. సముద్రపు ఒడ్డున, చేతిలో ఒక పండు, ఒక గుడ్డముక్కతో వదిలేస్తారు. పోతే మీ సామానంతా పోయినట్టే. మళ్లీ ఒడ్డు నుంచే మొదలు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. 2023 డిసెంబరు 2, శనివారం నాడు వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని మా చేబ్రోలు వెళ్లాను. నాయనమ్మ చేతి పప్పుచారు తినాలి, రాత్రిళ్లు గేమ్ ఆడాలి. అంతకుమించి ప్లాన్ ఏమీ లేదు. ఆ వారం నేను నేర్చుకున్న సర్వైవల్ పాఠాలు మాత్రం ఏ యూట్యూబ్ వీడియోలోనూ దొరకవు.

పాఠం 1: ముందు మ్యాప్ మీ తలలో ఉండాలి

డేజీలో మూలన మినీమ్యాప్ ఉండదు. సూర్యుణ్ని చూసి దిక్కు తెలుసుకోవాలి, టవర్లు, చర్చిలు, రోడ్డు బోర్డులు గుర్తుపెట్టుకోవాలి. అందులోని చెర్నారస్ మ్యాప్ 225 చదరపు కిలోమీటర్లు. చెక్ దేశంలో నిజంగా ఉన్న కొండల్నీ పల్లెల్నీ చూసి గీసిన మ్యాప్ అది. దాన్ని మూలమూలలా నేర్చుకున్న నాకు సొంత ఊరి మ్యాప్ మాత్రం రాదని ఆ ఆదివారం ఉదయం తెలిసింది.

గుంటూరు నుంచి వస్తుంటే నారాకోడూరు దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి తెనాలికి, ఒకటి మా ఊరి మీదుగా పొన్నూరు, బాపట్ల వైపు. ఊళ్లో ఎటు తిరిగినా ఏదో ఒక గుడి కనిపిస్తుంది. కోనేరు మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి. శివలింగానికి నాలుగు వైపులా బ్రహ్మ ముఖాలుంటాయి. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. అటు భీమేశ్వరాలయం. అక్కడ దొరికిన శాసనం శాతవాహన రాజు విజయుడిది, క్రీ.శ. 207 నాటిదని 2019లో బయటపెట్టారు. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో అదే పాతదట. అందులో మా ఊరి పేరు తాంబ్రాపె. నృత్తరత్నావళి రాసిన కాకతీయ సేనాని జాయప వేయించిన శాసనమూ ఈ ఊళ్లోదే.

"పద్దెనిమిది వందల ఏళ్లుగా బతికున్న ఊరురా ఇది" అన్నాను బాబాయ్‌తో, గొప్పగా.

"ఊరు బతుకుద్దిలే అబ్బాయ్. ముందు పనల సంగతి చూడు" అన్నాడు బాబాయ్.

పాఠం 2: అడుగుపెట్టే ముందు పది నిమిషాలు చూడు

డేజీలో ఏ ఊళ్లోకైనా పరిగెత్తుకుంటూ దూరితే పోయినట్టే. పొదలో కూర్చుని పది నిమిషాలు చూడాలి. జాంబీలు ఎటు తిరిగి ఉన్నాయి? ఏ తలుపు తీసి ఉంది? తలుపు తీసి ఉందంటే మీకంటే ముందు ఎవరో వచ్చారని అర్థం.

ఆదివారం నాటికి బంగాళాఖాతంలో వాయుగుండం తుపాను అయింది. పేరు మిచాంగ్. ఫోన్లో మ్యాప్ చూస్తుంటే ఆ తెల్లటి సుడి మెల్లగా మా వైపే వస్తోంది. బాబాయ్‌కి ఎకరం సొంతం, రెండెకరాలు కౌలు. మొత్తం బీపీటీ 5204. మీరు సాంబ మసూరి అని తినే బియ్యం అదే, బాపట్ల పరిశోధనా కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన రకం. పంట అప్పుడే కోసి, ఆరడానికి పనలు పొలంలోనే పరిచి ఉన్నాయి.

"కుప్ప వేసేద్దాం బాబాయ్, ఇవాళే" అన్నాను.

"కూలీలేరి? ఊరంతా ఒకేసారి కుప్పలెయ్యాలంటే మనుషులు యాడ దొరుకుతారు?"

నిజమే. అందరూ ఒకే మ్యాప్ చూస్తున్నారు, అందరూ ఒకే చోటికి పరిగెత్తుతున్నారు. చివరికి బాబాయ్, పిన్ని, నేను, పక్కింటి కుర్రాళ్లిద్దరు దిగాం. ఆదివారం సాయంత్రం, సోమవారం పొద్దుటి నుంచి వాన పెరిగే దాకా మోశాం. ఎకరంన్నర కుప్పకెక్కింది. మీద బరకం కప్పి, తాళ్లు బిగించి, అంచుల మీద మట్టి పోశాం. మిగతా ఎకరంన్నర పనలు అలాగే ఉండిపోయాయి. కీబోర్డు తప్ప మరోటి పట్టని నా అరచేతులు బొబ్బలెక్కాయి.

పాఠం 3: నీళ్లు, పొడి బట్టలు, వెలుతురు

గేమ్‌లో తుపాకీ కంటే పొడి బట్టలు ముఖ్యం. తడిస్తే ఒళ్లు చల్లబడుతుంది, ఆకలి పెరుగుతుంది, జబ్బు పడతారు. రాత్రి టార్చి వేస్తే మీరెక్కడున్నారో ఊరంతటికీ తెలుస్తుంది.

సోమవారం రాత్రి కరెంటు పోయింది. నేను గేమర్‌ని కదా, అన్నీ నాకే తెలుసనుకున్నాను. చూస్తే నాయనమ్మ అప్పటికే రెండు బిందెల నీళ్లు పట్టి మూత పెట్టేసింది. తాగేనీళ్లు కాచి చల్లార్చింది. పుల్లలు వంటింట్లోకి తెచ్చుకుంది. బియ్యం డబ్బా, అగ్గిపెట్టె అటక మీదకి చేర్చింది. నా వంతుగా లాప్‌టాప్ ఛార్జింగ్‌ని ఫోన్లకు పంచాను. డేటా ఆపి, ఇంటికి ఒక్క ఫోన్ మాత్రమే ఆన్‌లో పెట్టాం.

"1977 ఉప్పెన చూసినదాన్నిరా, నాకు చెప్తావేంది" అంది నాయనమ్మ. దివిసీమను ముంచేసిన ఏడాది అది. నేను గేమ్ ఓడి నేర్చుకున్నవన్నీ ఆవిడ అసలు బతుకులో నేర్చుకుంది.

పాఠం 4: బ్యాగ్ కోసం వెనక్కి వెళ్లకు

డేజీలో కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే. చచ్చిన చోట పడిపోయిన బ్యాగ్ కోసం మళ్లీ అక్కడికే పరిగెత్తడం. చంపినవాడు ఇంకా అక్కడే ఉంటాడు. వస్తువు మళ్లీ దొరుకుతుంది, ప్రాణం ముఖ్యం అని నేను పదిమందికి చెప్పి ఉంటాను.

అర్ధరాత్రి దాటాక ఈదురుగాలి మోత. బాబాయ్ లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు. బరకం ఎగిరిపోయిందేమో చూసొస్తానంటాడు. బయట కన్ను పొడుచుకున్నా కనపడటం లేదు. ఎక్కడ ఏ కరెంటు తీగ తెగిపడి ఉందో తెలియదు.

"వద్దు బాబాయ్. పోతే గింజలు పోతాయి."

"నీ ఆటలో అయితే పోయినా మళ్లీ పుడతావురా. పంట పోయినా నేను కౌలు కట్టాల్సిందే" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

నా దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్లు నేను గేర్ అని పిలిచింది ఆయనకు ఏడాది బతుకు. ఆ మాట తట్టగానే నా సలహా నాకే చవకగా అనిపించింది. అయినా దారికి అడ్డంగానే నిలబడ్డాను. నాయనమ్మ మాట్లాడకుండా వెళ్లి గేటుకి తాళం వేసింది. తాళంచెవి బొడ్లో దోపుకుని గుమ్మంలో కూర్చుంది. తెల్లారేదాకా ముగ్గురం అలాగే కూర్చున్నాం. గాలి వచ్చిన ప్రతిసారీ బాబాయ్ తలెత్తి వినేవాడు.

5వ తేదీ మంగళవారం మధ్యాహ్నం మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. బుధవారం పొలానికి వెళ్లాం. కుప్ప మీద బరకం ఒక మూల చిరిగింది కానీ ఎగరలేదు. లోపల గింజ పొడిగా ఉంది. పరిచిన పనలు మాత్రం నీళ్లలో తేలుతున్నాయి. కొన్ని రోజులకు ఆ వెన్నులకు మొలకలొచ్చాయని పిన్ని ఫోన్లో చెప్పింది.

బాబాయ్ ఆ రాత్రి సంగతి మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కుప్ప చిరిగిన చోట చెయ్యి పెట్టి, ఒక వెన్ను తీసి నలిపి, రెండు గింజలు నా చేతిలో పోశాడు.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. అదే చేలో, వరి మోళ్ల మధ్య వరసగా మొక్కజొన్న మొలకలు. దుక్కి దున్నకుండానే విత్తనం పెట్టేశాడు బాబాయ్. విత్తనాలకు డబ్బు ఎక్కడిదని అడిగితే, "అప్పేరా, ఇంకేంది" అన్నాడు.

ఇప్పుడూ డేజీ ఆడుతున్నాను, ఇప్పుడూ చస్తున్నాను. ఒడ్డున చేతిలో పండుతో లేచిన ప్రతిసారీ ఆ చేను గుర్తొస్తుంది. నాకు ఆ పండు ఊరికే వస్తుంది. బాబాయ్‌కి మళ్లీ మొదలుపెట్టాలంటే వడ్డీ పడుతుంది.