వంతెన మోసే బరువు, ఒళ్ళు తట్టుకునే వేగం

పాత వంతెనల మొదట్లో ఇన్ని టన్నులకు మించిన వాహనాలు పోరాదని ఒక బోర్డు ఉండేది. ఆ అంకెను ఎవరూ తేలికగా తీసుకునేవారు కాదు. ఇంజనీరు లెక్కకట్టి వ్రాశాడన్న నమ్మకం ఉండేది. దాని ప్రక్కనే వేగపరిమితి బోర్డు ఉంటే మాత్రం అది ప్రభుత్వం ఊరికే నిలబెట్టిన రేకుముక్కలా కనిపిస్తుంది మనకు. ప్రభుత్వ వైద్యుడిగా ఎన్నో రాత్రులు ప్రమాద బాధితుల మధ్య గడిపిన నాకు ఆ రెండవ అంకె కూడా ఒక బరువు లెక్కగానే తోస్తుంది. కాంక్రీటు ఎంత మోయగలదో మొదటి బోర్డు చెబుతుంది. మన ఎముక, కాలేయం, మెదడు ఎంత తట్టుకోగలవో రెండవది చెబుతుంది.

వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లవుతుంది. దీనిని మేడల లెక్కలో చెబితే సులభంగా తెలుస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తునుంచి, అంటే ఒక అంతస్తు డాబా మీదనుంచి, నేలమీద పడడంతో సమానం. 60 కిలోమీటర్లకు ఆ ఎత్తు 14 మీటర్లు. 80కి 25 మీటర్లు. 100కి 39 మీటర్లు, అంటే పదమూడంతస్తుల మేడ. అంత ఎత్తున పిట్టగోడమీద కూర్చోమంటే కాళ్ళు వణికే మనిషి, అదే 100 కిలోమీటర్ల వేగంలో ఒక చేత్తో స్టీరింగు, మరో చేత్తో ఫోను పట్టుకుని నిశ్చింతగా కూర్చుంటాడు.

కారు గోడకు తగిలి ఆగుతుంది. లోపలి మనిషి ఇంకా ఆగలేదు. మనిషి ఆగిన తరువాత కూడా లోపలి అవయవాలు ముందుకు సాగుతూనే ఉంటాయి. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని మొదటి భాగం కొంత స్వేచ్ఛగా కదులుతుంది, క్రిందికి దిగే భాగం వెన్నెముకకు అంటుకుని ఉంటుంది. కదిలేది కదిలి, కదలనిది నిలిచిపోగా, ఆ రెండూ కలిసేచోట రక్తనాళం చిరుగుతుంది. అలాంటివారిలో ఎక్కువమంది ఆసుపత్రి గడప కూడా తొక్కరు. మెదడులో సన్నని నాడీతంతువులు సాగి తెగిపోతాయి. స్కానులో పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు, మనిషి మాత్రం కన్ను తెరవడు. బంధువులు వచ్చి “పైకి దెబ్బే లేదు కదండీ” అంటారు. ఆ మాటకు నా దగ్గర ఎన్నడూ తగిన జవాబు లేకపోయింది.

వంతెన విషయం వేరుగా ఎందుకు చెప్పాలంటే, వంతెనకు ప్రక్క ఉండదు. రోడ్డుమీద తప్పుకోవడానికి మట్టి అంచు ఉంటుంది, దిగిపోవడానికి పొలం ఉంటుంది. వంతెనమీద ఉన్నది పిట్టగోడ, దాని క్రింద నీరు. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున హైదరాబాదు వెళుతున్న ఒక ప్రైవేటు బస్సు పెనుగంచిప్రోలు మండలం ముళ్ళపాడు దగ్గర, రాకపోకలకు వేరువేరుగా కట్టిన రెండు కల్వర్టుల మధ్య ఖాళీలో పడిపోయింది. పదిమందికి పైగా చనిపోయారు. మామూలు రోడ్డుమీద డివైడరు ఎక్కి ఆగిపోవలసిన బస్సు, వంతెన దగ్గర కనుక గోతిలో పడింది.

నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. అప్పటికి కనకదుర్గ వారధి లేదు. మద్రాసు నుంచి కలకత్తా పోయే లారీలన్నీ 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదనుంచే బెజవాడలోకి వచ్చేవి. నిజానికి అది కాలువలకు నీరు మళ్ళించడానికి కట్టినది, పొడవు కిలోమీటరున్నర కూడా లేదు. మంగళగిరి వైపున సైకిలు మీద పోతున్న ఒక నేతపని కుర్రవాణ్ణి ఏదో వాహనం గుద్ది వెళ్ళిపోయింది. ఊరివారు జీపులో వేసుకుని బయలుదేరారు. బ్యారేజీ నడుమ అధిక బరువుతో ఉన్న ఒక లారీకి ఇరుసు విరిగి నిలిచిపోయింది. ముందూ వెనుకా లారీలే. నలభై నిమిషాలు ఆ జీపు అక్కడే ఉన్నది. నా దగ్గరకు వచ్చేసరికి నాడి అందీ అందనట్లున్నది. కడుపు తెరిస్తే ప్లీహం రెండుగా చీలి ఉంది. ఆ గాయం ఒక్కటే. సకాలంలో చేరితే బ్రతికించగలిగే గాయం.

అతని తండ్రి వరండాలో నా చేయి పట్టుకుని అడిగిన మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. “వంతెనమీద ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు డాక్టరు గారూ. మంచినీళ్ళడిగాడు. ఇవ్వొచ్చో కూడదో తెలియక ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బ్రతికేవాడాండీ?” లేదని చెప్పాను. అది నిజమే. నలభై నిమిషాల సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

ఇప్పుడు బ్యారేజీ మీదకు భారీ వాహనాలను రానివ్వడం లేదు. లారీలు వారధికి మారాయి, వాటితోపాటు ఆ ఇరుకు కూడా మారింది. చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా, కృష్ణమీద కొత్త వంతెనతో కాజ వరకు తలపెట్టిన పశ్చిమ బైపాసు ఉద్దేశం, ఊరితో పనిలేని లారీని ఊరికి దూరంగా పంపడమే. మంచి పని. కాని లారీలు తగ్గి దారి ఖాళీ అయితే మనవాళ్ళు మొదట చేసేది వేగం పెంచడం. ఇంద్రకీలాద్రి పాదాన వంపు తిరిగే ఫ్లైఓవరు 2020 అక్టోబరులో ప్రారంభమయింది. రాత్రి పూట అక్కడ మోటారుసైకిళ్ళు పోయే తీరు చూస్తే, ట్రాఫిక్కు లేకపోవడం కూడా ఒక ప్రమాదమేననిపిస్తుంది.

కెమెరా ఉన్నచోట బ్రేకు వేసి, అది దాటగానే మళ్ళీ తొక్కే విద్య మనకు బాగా అబ్బింది. చిల్లకల్లు టోల్‌గేటు దాటిన సమయం, కీసర టోల్‌గేటు దాటిన సమయం ఫాస్టాగ్‌లో నమోదవుతూనే ఉన్నాయి. మధ్య దూరాన్ని సమయంతో భాగిస్తే సగటు వేగం తేలిపోతుంది. 40 కిలోమీటర్లు 20 నిమిషాలలో వచ్చినవాడు 120 మీద వచ్చినట్లే, సాక్షి అక్కరలేదు. కొన్ని దేశాలలో ఈ సగటు వేగం పద్ధతి చాలాకాలంగా అమలులో ఉంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల అవకాశం నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన ఒక రహదారిమీద సగటును 100 నుంచి 95కు దించితే అటువంటి ప్రమాదాలు దాదాపు అయిదోవంతు తగ్గాలి. అయిదు కిలోమీటర్ల తగ్గింపుతో అంత ఫలితమిచ్చే మందు నా వైద్యవృత్తిలో నాకు తారసపడలేదు.

ఇంత చెప్పే నేను బుద్ధిమంతుణ్ణి అనుకోకండి. మొన్న డిసెంబరులో బందరులో ఒక పెళ్ళికి బయలుదేరాము. మా తమ్ముడి కొడుకు కారు నడుపుతున్నాడు. ముహూర్తం దగ్గర పడుతున్నదని నేనే రెండుసార్లు గడియారం చూశాను, అతను అర్థం చేసుకున్నాడు. కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు చేరబోతుండగా ఒక కాలువ వంతెనమీద, ఎడమ వరుసలో, ధాన్యం బస్తాల ట్రాక్టరు నిలిచి ఉంది. చీకటి పడింది, వెనుక ఎర్రదీపం లేదు. 100 మీద ఉన్న కారు పొడి రోడ్డుమీద ఆగడానికి, చూసి బ్రేకు తొక్కేలోగా పోయే దూరంతో కలిపి, వంద మీటర్లు కావాలి. మాకు అందులో సగం కూడా లేదు. కుడి వరుస ఖాళీగా ఉండడంవల్ల బయటపడ్డాము. అప్పుడే అటు ఒక బస్సు వస్తూ ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

కారు ఆపి వెనక్కి నడిచాము. మావాడు ట్రాక్టరు మనిషిని కేకలు వేయబోతే నేను వారించాను. తొందరపెట్టినది నేను. పెళ్ళిలో కూర్చుని లెక్క వేశాను. డెబ్బై కిలోమీటర్ల దూరం 100 మీద 42 నిమిషాలు, 80 మీద 52 నిమిషాలు. మేము ఆశపడింది పది నిమిషాలకు.

తిరిగి వచ్చేటప్పుడు మావాడు 80 దాటలేదు. వెనుకనుంచి లారీలు హారను కొట్టి దాటిపోతుంటే, “పోనీ పెదనాన్నా, వెళ్ళనీ వాళ్ళని” అన్నాడు. మరునాడు ఒక చుట్ట ఎర్ర రేడియం స్టిక్కరు కొనుక్కొచ్చి కారులో పెట్టుకున్నాను. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా బంధువుల ట్రాక్టర్లు రెండింటికి, వాటి ట్రక్కులకు వెనుక రెండు మూలలా అతికించాను. మూడవ ట్రాక్టరు ఎవరిదో నాకు తెలియదు, రచ్చబండ దగ్గర నిలిపి ఉంది. దానికీ అతికిస్తుంటే యజమాని వచ్చి కాసేపు చూసి, “దీనికెంతివ్వాలండీ?” అని అడిగాడు.