పచ్చనివన్నీ మేలు కావు!

దేశం నలుమూలలకూ మొక్కలు పంపే కడియానికి ఆనుకునే ఉంటుంది ఆలమూరు. కొబ్బరి నీడలు, కాలువ గట్లు, గౌతమి లంకలు... ఎటు చూసినా పచ్చదనమే. ఆ పచ్చదనంలోనే ఓ హెచ్చరికా దాగుంది.

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి దగ్గరే రంగులు మొదలవుతాయి. కడియపులంక వచ్చేసరికి రోడ్డుకి అటూ ఇటూ మొక్కలే మొక్కలు. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, కుండీలో ఒదిగి కూర్చున్న మర్రి... లారీ ఎక్కుతున్నవి కొన్ని, ఎక్కడానికి వరస కట్టినవి కొన్ని. ఆ వరస అక్కడితో ఆగదు. ఆలమూరు మండలంలోని చెముడులంక, బడుగువానిలంకల్లోనూ నర్సరీలు పలకరిస్తాయి. మడికి కూరగాయల మార్కెట్‌ సందడి దాటి, గౌతమి వంతెన ఎక్కకుండా జొన్నాడలో ఎడమకు తిరిగితే ఆలమూరు దారి.

2022 ఏప్రిల్‌ దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు కోనసీమ జిల్లాలో భాగం. ఆయుర్వేద మందులకు పేరుపొందిన చింతలూరు ఈ మండలంలోదే. అంటే, ఇక్కడ మొక్కంటే అందమే కాదు... కూడు పెట్టే వృత్తి, జబ్బు నయం చేసే మందు కూడా. మరి ఏ మొక్క మేలు చేస్తుంది, ఏది కీడు చేస్తుంది? ఆ జవాబు కాలువ గట్టున దొరుకుతుంది.

పువ్వు చూసి మురిసిపోతే...

1852లో కాటన్‌ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా కాలువలు పారాయి. ఇవాళ ఆ కాలువల్లో చాలాచోట్ల నీళ్లకంటే ముందు కనిపించేది గుర్రపుడెక్క. లేత ఊదారంగు పువ్వుతో ముచ్చటగానే ఉంటుంది. అసలు చిక్కంతా ఆ ముచ్చటతోనే వచ్చింది! దక్షిణ అమెరికా నుంచి 19వ శతాబ్దం చివర్లో అందం కోసమే దాన్ని బెంగాల్‌కి తెచ్చుకున్నారు. అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపయ్యే రకం. నీటిమీద చాపలా పరుచుకుని వెలుతురు అడ్డుకుంటుంది. ప్రాణవాయువు తగ్గి చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి. మురుగుకాలువలో అల్లుకుంటే చేలో నీరు దిగదు.

దీనికి వాతావరణ మార్పు తోడైతే? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే పది రోజుల్లో పడాల్సిన వాన ఒక్కరోజులోనే కుమ్మరించే సందర్భాలు పెరుగుతున్నాయి. అంత నీరూ ఒక్కసారిగా దిగాల్సిన కాలువ పూడిపోయి ఉంటే మునిగేది వరి చేనే. అందం కోసం తెచ్చిన ఒక్క మొక్క, రైతు కష్టాన్ని ఇలా రెట్టింపు చేస్తోంది.

రెండూ ఒకే లెక్క

వాతావరణం వేరు, జీవవైవిధ్యం వేరు అని ప్రపంచం చాన్నాళ్లు అనుకుంది. ఈ రెంటిపై పనిచేసే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందాలు 2021 జూన్‌లో తొలిసారి కలిసి నివేదిక ఇచ్చాయి. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని కాపాడలేమన్నది దాని సారాంశం. కర్బనం పీల్చుకుంటుంది కదా అని ఒకే రకం పరాయి చెట్లను ఎక్కడపడితే అక్కడ నాటితే మేలుకంటే కీడే ఎక్కువని కూడా అందులో హెచ్చరించారు. పరాయి జాతులపై 2023లో వచ్చిన మరో నివేదిక ప్రకారం మనుషుల చేతుల మీదుగా కొత్త చోట్లకు చేరి స్థిరపడ్డ జాతులు 37 వేలకు పైనే. లోకంలో నమోదైన జాతుల అంతర్ధానాల్లో 60 శాతం వాటిలో, ఇలాంటి దురాక్రమణ జాతుల పాత్ర ఉందట. అందుకే కొత్తగా వచ్చి పాతుకుపోయే ఇలాంటి వాటిని 2030కల్లా సగానికి తగ్గించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి.

కోనోకార్పస్‌ పాఠం

ఈ మాటలు నర్సరీ రైతుకి దూరం కాదు. కోనోకార్పస్‌నే చూడండి. చకచకా ఎదుగుతుంది, పశువులు ముట్టవు, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఇంకేం... ఊరూరా రోడ్ల మధ్య నాటేశారు. తర్వాత వేళ్లు పైపుల్లోకి చొరబడుతున్నాయన్న ఫిర్యాదులు, పుప్పొడిపై భయాలు. ఆరోగ్యానికి ఎంత చేటన్న దానిపై శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఉన్నాయి. గుజరాత్‌ మాత్రం 2023లో దాన్ని నిషేధించింది. అడిగినవారందరికీ ఒకే మొక్క పెంచి పెట్టుకుంటే, ఒక్క ఉత్తర్వుతో నష్టపోయేదెవరు? ఏళ్ల తరబడి నీళ్లు పోసిన రైతే కదా! రకరకాల మొక్కలుండటం పిట్టకే కాదు, నర్సరీకీ రక్షే.

ఎవరూ కొనని కాపలాదారు

సాయంత్రం గౌతమి ఒడ్డుకు వెళ్తే మరో సంగతి తెలుస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద. 2022లో జులైలోనే 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు లంక భూమి అంచులు కోతకు గురవుతాయి. నది తిరిగి మట్టి పోస్తుందిలే అనుకోవడానికీ లేదు. 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసిన గోదారి, 2000 తర్వాత 6 కోట్ల టన్నులకు లోపే తెస్తోందని 2010లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. ఎగువన ఆనకట్టల్లో మట్టి నిలిచిపోవడమే కారణం.

ఉన్న మట్టినైనా పట్టి ఉంచేది ఎవరు? తెల్లగా పూసే రెల్లు, లోతుగా వేళ్లు దింపే వట్టివేరు. లారీల్లోకి ఎక్కే క్రోటన్ల సోకు వాటికి లేదు. కానుగ, నేరేడు, పొగడ, మేడి కూడా అంతే. మేడిపండు మనకు సామెతే గానీ... పిట్టలకి, గబ్బిలాలకి విందు భోజనం.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊళ్లోని చెట్టూ చేమా వివరాలతో ఓ రిజిస్టరు రాయించాల్సింది పంచాయతీ స్థాయి కమిటీయే. ఏ మొక్క ఎక్కడ ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. దాన్ని పెంచే విద్య నర్సరీల చేతుల్లోనే ఉంది. ఇక మిగిలింది కొనేవాళ్లు. కారు ఆపి ‘తొందరగా పెరిగేదుందాండీ?’ అని అడగడం మామూలే. ఈసారి ‘పిట్టలు వాలేదుందాండీ?’ అని అడిగి చూడండి. రేపు ఆ వరసలో ముందు నిలబడే మొక్క ఏదో తేల్చేది ఆ ప్రశ్నే.