పెరట్లో ఈతకొలను కట్టిస్తారా?

మొన్న వేసవిలో ఆదిలాబాద్‌లోని మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. పెరట్లో ఇంత పెద్ద గుంత! "పిల్లలకు ఈతకొలను కట్టిస్తున్నాం వదినా" అంది సంబరంగా. మేస్త్రీ మొదట చెప్పింది 6 లక్షలట. మేం వెళ్ళేసరికే 9 దాటింది.

ఎందుకంటారా? అక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. మామూలు గోడ కడితే పగుళ్ళు తప్పవు. రేగడి తీయించి, మొరం పోసి దిమ్మిస కొట్టించి, దట్టంగా ఇనుము కట్టి కాంక్రీటు పోయాలి. మా కరీంనగర్‌లో ఆ బాధ లేదుగానీ, చాలాచోట్ల కాస్త తవ్వగానే రాయి! అది కొట్టించే ఖర్చు వేరే.

ఇక నీళ్ళు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతంటే సుమారు 22,600 లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగున్నర! వడకట్టే మిషను, క్లోరిను, కరెంటు బిల్లు ఎలాగూ ఉన్నాయి. ఇంత లెక్క రాసినవాళ్ళు చుట్టూ కంచె మాత్రం రాయలేదు. చిన్నవాడికి మూడేళ్ళు. నా గుండె గుభేలుమంది.

తిరుగుదారిలో ధర్మపురిలో ఆగాం. నరసింహస్వామి తెప్పోత్సవం జరిగే బ్రహ్మపుష్కరిణి మెట్ల మీద చల్లగా కూర్చున్నా నా మనసు ఆ గుంత దగ్గరే ఉంది. అక్కణ్ణించే ఫోను చేశాను.

"కంచె మాట చెప్పావా?"

"రేపు వస్తారట వదినా."

"అది నిలబడేదాకా చుక్క నీళ్ళు నింపొద్దు. తాళం వేసే గేటు పెట్టించు" అన్నాను.