ఎండ, టెన్నిస్, మా భాంజీ

హైదరాబాదులో టెన్నిస్ అంటే ఎవరికైనా సానియా మీర్జానే గుర్తొస్తుంది. 2005లో సొంత ఊళ్లోనే హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ టోర్నీ జరిగింది ఫిబ్రవరిలో. చల్లటి సాయంత్రాలు, హాయైన గాలి. పిల్లలకు మాత్రం సెలవులు వచ్చేదే ఎండాకాలంలో. వాళ్ల పోటీలూ అప్పుడే.

కొత్తూరులో ఉండే మా చెల్లెలి కూతురికి పదమూడేళ్లు. శంషాబాద్ వైపు ఒక అకాడమీలో మూడేళ్లుగా నేర్చుకుంటోంది. ఈ ఆదివారం తన మ్యాచ్. టైము పగలు పన్నెండు గంటలు, నెల మే. "గర్మీ ఎక్కువైతే ఆపేస్తానని చెప్పు బేటా" అన్నాను. తను ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి అంది: "గర్మీ హోరీ బోలీ తో టెన్నిస్ ఇచ్ బంద్ కరాదేతే, మామూ."

నిజమే. తనకు ఆడే ఇజాజత్ అంత తేలిగ్గా దొరకలేదు. ఖాందాన్‌లో బుజుర్గులందరినీ ఒప్పించాలి. స్కర్టు కింద నిండుగా లెగ్గింగ్స్ వేసుకోవాలి. దాని మీద ఖాలాలు, ఫుఫ్పూలు "ధూప్‌లో పిల్ల నల్లబడిపోతోంది, రేపు రిష్తాలు ఎట్లా వస్తాయి" అని అఫ్సోస్ పడుతుంటారు. ఇంతమంది ఒక్క బహానా కోసం కాచుకుని కూర్చున్నప్పుడు, కళ్లు తిరుగుతున్నాయని ఏ ఆడపిల్ల నోరు తెరిచి చెబుతుంది? తట్టుకుంటుంది. మనం దాన్ని హిమ్మత్ అంటాం, మాషా అల్లాహ్ అంటాం.

పెద్ద ఆటగాళ్లు కూడా చాలాకాలం ఈ హిమ్మత్ పేరుతోనే ఆడారు. 2014 ఆస్ట్రేలియన్ ఓపెన్ జరుగుతుంటే మెల్‌బోర్న్‌లో వరసగా నాలుగు రోజులు 41 డిగ్రీలు దాటింది. కెనడా ఆటగాడు ఫ్రాంక్ డాన్సెవిచ్‌కు కోర్టులోనే కార్టూన్ కుక్క స్నూపీ కనిపించింది, ఆ తర్వాత స్పృహ తప్పి పడిపోయాడు. తన నీళ్ల సీసా అడుగు కోర్టుకు అంటుకుని కరగడం మొదలైందని కరోలిన్ వోజ్నియాకి చెప్పింది. జేపీ దర్గా దగ్గర మిట్టమధ్యాహ్నం చెప్పులు విప్పి ఆ రాళ్ల మీద నడిచిన వాళ్లకు ఈ మాట నేను వివరించనక్కర్లేదు. సానియా ఆడిన 2021 టోక్యో ఒలింపిక్స్‌లో స్పెయిన్ అమ్మాయి పౌలా బదోసాను వడదెబ్బ తగిలి వీల్‌చైర్‌లో బయటికి తీసుకెళ్లారు. ఆ తర్వాతగానీ ఆటలు మధ్యాహ్నం 3 గంటలకు మార్చలేదు.

ఎండను కొలిచే లెక్క కూడా మనం అనుకునేది కాదు. ఒట్టి థర్మామీటర్ చూసి చెప్పడం సరిపోదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్, ఎండలో పెట్టిన నల్లటి గోళం, మామూలు థర్మామీటర్, ఈ మూడూ కలిపి చూస్తారు. అందులో 70 శాతం లెక్క తడిగుడ్డదే. ఎందుకో ఇంట్లో మట్కాను అడిగితే చెబుతుంది. మేలో పొడిగాలికి మట్కా నీళ్లు చల్లగా ఉంటాయి, వానలు పడ్డాక ఉక్కపోతలో అంత చల్లబడవు. మన ఒళ్లూ అంతే, చెమట ఆరితేనే చల్లబడుతుంది. 2025 అక్టోబరులో షాంఘైలో ఎండ 30లలోనే ఉంది, కానీ తేమ 80 శాతం దాటింది. యానిక్ సిన్నర్ అంతటివాడు కాళ్లు పట్టేసి, నడవలేక మ్యాచ్ వదిలేశాడు.

ఆ కలిపిన లెక్క 30.1 దాటితే మూడో సెట్‌కు ముందు పది నిమిషాల విరామం అడగవచ్చు. ఇట్లాంటి రూలు మహిళల టెన్నిస్‌కు 1992 నుంచే ఉంది. మగవాళ్ల ఏటీపీ దీన్ని తెచ్చుకుంది 2026 సీజన్‌కు. 32.2 దాటితే ఆటే ఆపేస్తారు. నాకు ఇందులో నచ్చింది విరామం కాదు. రూలు ఆపినప్పుడు ఎవరూ కమ్‌జోర్ కారు. నోరు తెరిచి అడగాల్సిన పని ఆ పిల్ల మీద పడదు.

మా బావగారు దీన్దార్ మనిషి. "సబర్ చేయాలి భాయ్, ఎండకు భయపడితే ఎట్లా" అన్నారు. అప్పుడు బుఖారీ షరీఫ్‌లో ఉన్న ఒక వాకియా గుర్తుచేశాను. ఒక సఫర్‌లో ముఅజ్జిన్ జొహర్ అజాన్ ఇవ్వబోతే, కాస్త చల్లబడనివ్వమన్నారు రసూలుల్లాహ్, సల్లల్లాహు అలైహి వసల్లం. కాసేపటికి మళ్లీ లేస్తే మళ్లీ అదే మాట. అట్లా మట్టిదిబ్బల నీడలు కనిపించేదాకా ఆగారు. నమాజు కంటే పెద్ద ఫర్జ్ ఏముంది? ఎండ తీవ్రంగా ఉంటే దానికే కాస్త ఆగమన్నారు. అక్కడ ఎవరి సబర్‌నూ పరీక్షించలేదు.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా టోర్నీ వాళ్ల దగ్గరికి వెళ్లారు. మ్యాచ్ పొద్దున ఏడుకో, సాయంత్రం అయిదు తర్వాతో పెట్టమని దరఖాస్తు రాసిచ్చారు. తన బిడ్డకు ఒక్కదానికే కాదు, పిల్లలందరికీ అని రాశారు. కోర్టులు తక్కువ, మ్యాచ్‌లు ఎక్కువ, చూస్తాం అన్నారట.

ఇవాళ శుక్రవారం. జవాబు రాలేదు. మార్చకపోతే పంపనని బావగారు తేల్చేశారు. చెల్లెలు మాత్రం ఫ్రిజ్‌లో తడి తువ్వాళ్లు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల సీసాలు సర్ది పెట్టింది. పిల్ల నిన్నటి నుంచి మాలో ఎవరితోనూ మాట్లాడటం లేదు.